కాన్ఫిగర్ ‘నో’ అంటే లైబ్రరీ లేదని కాదు

లైబ్రరీ ఉంది. ప్యాకేజీ మేనేజర్‌ని అడిగితే ఎప్పుడో ఇన్‌స్టాల్ అయిందంటోంది, డిస్క్ మీద వెతికితే ఫైల్ కనిపిస్తోంది, దాన్ని వాడుకునే ప్రోగ్రాములు నిక్షేపంగా నడుస్తున్నాయి. కంపైల్‌కి ముందు కావలసినవన్నీ ఉన్నాయా అని చూసే కాన్ఫిగర్ స్క్రిప్ట్ మాత్రం గబగబా ‘యెస్’ ‘యెస్’ అనుకుంటూ వందల లైన్లు దాటి వచ్చి, సరిగ్గా ఆ లైబ్రరీ దగ్గరే ‘నో’ అని ఆగిపోయింది. లినక్స్‌లో ప్రోగ్రాముల్ని సోర్స్ కోడ్ నుంచి సొంతంగా కంపైల్ చేసుకునేవాళ్ళందరికీ ఏదో ఒక రోజు ఇది తప్పదు. అప్పుడు చాలామంది చేసేది ఒకటే: ఎర్రర్ లైన్ కాపీ చేసి వెతకడం, ఎవరో ఎక్కడో రాసిన మూడు కమాండ్లు కొట్టడం, అవి కుదరకపోతే ఇంకో మూడు కొట్టడం. ఒక్కోసారి పని అయిపోతుంది కూడా. ఏ కమాండ్ వల్ల అయిందో తెలియదు, మధ్యలో కొట్టినవి సిస్టమ్‌లో ఏం వదిలిపెట్టాయో అంతకన్నా తెలియదు.

చిక్కంతా ఆ ‘నో’ని ఎలా అర్థం చేసుకుంటున్నాం అన్న దగ్గర ఉంది. మీ మెషీన్‌లో ఈ లైబ్రరీ లేదు అని అది చెప్పట్లేదు. ఒక చిన్న పరీక్ష పెట్టాను, అది పాస్ కాలేదు అని మాత్రమే చెప్తోంది. పాస్ కాకపోవడానికి లైబ్రరీ లేకపోవడం ఒక కారణం, అంతే. లైబ్రరీలో ఏ ఫంక్షన్లున్నాయో కంపైలర్‌కి చెప్పే హెడర్ ఫైల్ లేకపోవచ్చు, వెర్షన్ పాతది కావచ్చు, ఎప్పుడో పెట్టి మర్చిపోయిన ఫ్లాగ్ (కంపైలర్‌కి ఇచ్చే ఆప్షన్) అడ్డుపడి ఉండొచ్చు, కంపైలరే సరిగ్గా లేకపోవచ్చు, చివరికి డిస్క్ నిండిపోయినా వచ్చేది అదే ‘నో’.

ఈ పద్ధతి ఎందుకు ఇలా ఉందో తెలిస్తే ఎర్రర్లు సగం అర్థమైపోతాయి. 1991లో డేవిడ్ మెకెంజీ గ్నూ ప్రాజెక్టు యుటిలిటీలు చాలావాటిని చూసుకుంటూ ఉండేవాడు. అప్పట్లో ఒక్కో కంపెనీది ఒక్కో యూనిక్స్, ఒకదాంట్లో ఉన్న ఫంక్షన్ ఇంకోదాంట్లో ఉండదు. ప్రతిదానికీ మేక్‌ఫైల్ చేత్తో సవరించుకోవడం విసుగొచ్చి, కాన్ఫిగర్ స్క్రిప్టుల్ని తయారు చేసే ఆటోకాన్ఫ్ మొదలుపెట్టాడు. దాని కిటుకేంటంటే, ‘నువ్వు ఏ సిస్టమ్‌వి’ అని అడగడం మానేసి ‘నువ్వు ఈ పని చేయగలవా’ అని అడగడం. అడిగే తీరు కూడా మోటే: కాన్ఫిగర్ స్క్రిప్ట్ కాన్ఫ్‌టెస్ట్ అనే పేరుతో నాలుగు లైన్ల సీ ప్రోగ్రామ్ రాస్తుంది, దాన్ని కంపైల్ చేస్తుంది, అవసరమైతే లింక్ చేస్తుంది, కొన్నిసార్లు నడిపి కూడా చూస్తుంది. ఎగ్జిట్ కోడ్ సున్నా వస్తే ‘యెస్’, ఇంకేదొచ్చినా ‘నో’. ఆ తర్వాత ప్రోగ్రామ్‌ని చెరిపేసి తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోతుంది. స్క్రీన్ మీద కనిపించేది ఈ తీర్పు ఒక్కటే, వాదనలన్నీ వేరే ఫైల్‌లో ఉంటాయి.

ఆ ఫైలే కాన్ఫిగ్ డాట్ లాగ్. దీన్ని తెరిచినవాళ్ళు కూడా చాలామంది అలవాటుగా కిందనుంచి చదువుతారు, కింద ఉన్నది చూసి మూసేస్తారు. ఎందుకంటే చివర్లో ఉండేవి ఎర్రర్లు కావు, అప్పటివరకు తేలిన జవాబులన్నీ గుదిగుచ్చిన వేరియబుల్స్ పట్టిక. అసలు విషయం దానికి పైన ఉంటుంది. స్క్రీన్ మీద ‘నో’ వచ్చిన ‘చెకింగ్ ఫర్’ లైన్‌ని లాగ్‌లో వెతికితే, దాని కిందే కంపైలర్‌ని పిలిచిన పూర్తి కమాండ్, కంపైలర్ ఇచ్చిన జవాబు, ‘ఫెయిలైన ప్రోగ్రామ్ ఇది’ అంటూ ఆ నాలుగు లైన్ల సీ కోడ్ మొత్తం దొరుకుతాయి.

ఒకటి దగ్గరగా చూద్దాం. డేటాని కుదించే జీలిబ్ అనే లైబ్రరీ కోసం వెతికే స్క్రిప్ట్ సాధారణంగా డిఫ్లేట్ అనే ఫంక్షన్ ఆ లైబ్రరీలో ఉందా అని అడుగుతుంది. జవాబు ‘నో’ వచ్చింది. లాగ్‌లో చూస్తే జీసీసీ కంపైలర్ ఆ చిన్న ప్రోగ్రామ్‌ని కంపైల్ చేయడంలో ఇబ్బందేమీ పడలేదు. ప్రోగ్రామ్‌ని లైబ్రరీలతో కలిపే లింకర్ దగ్గర మాత్రం ‘-ఎల్‌జెడ్ దొరకలేదు’ అని ఉంది, అంటే లిబ్‌జెడ్ దొరకలేదని. కానీ లైబ్రరీ డైరెక్టరీలో లిబ్‌జెడ్.ఎస్ఓ.1 కళ్ళెదుటే కనిపిస్తోంది కదా! ఇక్కడే మతలబు ఉంది. నడిచే ప్రోగ్రాములకి కావలసింది చివర 1 ఉన్న ఫైల్. లింకర్ వెతికేది ఏ అంకే లేని లిబ్‌జెడ్.ఎస్ఓ అనే పేరుని. ఆ పేరుతో ఉండేది ఒక సింలింక్ (అసలు ఫైల్‌ని చూపించే షార్ట్‌కట్) మాత్రమే, అది హెడర్ ఫైళ్ళతో కలిసి వేరే ప్యాకేజీలో వస్తుంది. డెబియన్, ఉబుంటు లాంటి డిస్ట్రోల్లో (లినక్స్ రకాల్లో) ఆ రెండో ప్యాకేజీ పేరు చివర ‘-డెవ్’ ఉంటుంది, ఫెడోరా వైపు ‘-డెవెల్’. ఆర్చ్‌లో ఈ విభజనే లేదు, హెడర్లు అసలు ప్యాకేజీతోనే వచ్చేస్తాయి. అందుకే ఆర్చ్ వాడేవాళ్ళు రాసిన సూచనల్లో ఈ అడుగు కనిపించదు, ఉబుంటులో వాటినే పాటించినవాళ్ళు ఇరుక్కుంటారు.

ప్యాకేజీ పేర్లు ఊహించడానికి ప్రయత్నించి టైమ్ వేస్ట్ చేసుకోవద్దు. ఒకచోట ‘లిబ్‌ఎస్ఎస్ఎల్-డెవ్’ అయినది ఇంకోచోట ‘ఓపెన్‌ఎస్ఎస్ఎల్-డెవెల్’ అవుతుంది, డెబియన్‌లో జీలిబ్ డెవ్ ప్యాకేజీ పేరు మధ్యలో ‘1జీ’ అని కూడా ఉంటుంది, అది ఎవరికి తడుతుంది? తప్పిపోయిన హెడర్ పేరు ఎర్రర్‌లోనే ఉంటుంది కాబట్టి ఆ ఫైల్ ఏ ప్యాకేజీలో వస్తుందో సిస్టమ్‌నే అడగాలి. డెబియన్ కుటుంబంలో ఆప్ట్-ఫైల్, ఫెడోరాలో డీఎన్ఎఫ్ ప్రొవైడ్స్, ఆర్చ్‌లో ప్యాక్‌మ్యాన్‌కి పెద్ద ఎఫ్ ఫ్లాగ్, అన్నీ చేసేది ఇదే పని. కంపైల్ చేయబోతున్న సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్ ఇప్పటికే డిస్ట్రోలో ఉంటే ఇంకా సులువు: ఆప్ట్ బిల్డ్-డెప్ లేదా డీఎన్ఎఫ్ బిల్డ్‌డెప్ కొడితే దాన్ని బిల్డ్ చేయడానికి కావలసినవన్నీ ఒక్క దెబ్బతో వచ్చేస్తాయి. ఆప్ట్ విషయంలో సోర్స్ రిపాజిటరీలు ఆన్ చేసి ఉండాలి, అది మర్చిపోతే కమాండ్ ఒప్పుకోదు.

ఇంకో ఫేమస్ ఎర్రర్ ఉంది, ‘సీ కంపైలర్ ఎగ్జిక్యూటబుల్స్ తయారు చేయలేకపోతోంది’ అని. చూడగానే జీసీసీ పాడైపోయిందనిపించి దాన్ని తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తారు, ఎక్కడి గొంగళి అక్కడే. నిజానికి ఇది కంపైలర్‌కి పెట్టే మొట్టమొదటి పరీక్ష, ఖాళీ ప్రోగ్రామ్‌ని కంపైల్ చేసి చూడడం. అది కూడా పాస్ కాలేదంటే సాధారణంగా సీ లైబ్రరీ డెవ్ ప్యాకేజీ లేదు, లేకపోతే ఎప్పుడో బ్యాష్ ఆర్‌సీ ఫైల్‌లో పెట్టిన సీఫ్లాగ్స్, ఎల్‌డీఫ్లాగ్స్ వేరియబుల్స్ ప్రతి కంపైల్‌లోనూ దూరుతున్నాయి. లాగ్‌లో ఆ కమాండ్ లైన్ చూస్తే తెలియని ఫ్లాగ్ ఏదైనా దూరిందా లేదా వెంటనే కనిపించిపోతుంది.

ఇప్పటివరకు చెప్పింది కంపైలర్‌ని నేరుగా అడిగే పరీక్షల గురించి. ఈ మధ్య ప్రాజెక్టుల్లో చాలావరకు ఆ పని పీకేజీ-కాన్ఫిగ్ అనే ప్రోగ్రామ్‌కి అప్పజెప్పేస్తున్నాయి. ఇది లైబ్రరీని వెతకదు, లైబ్రరీ గురించి రాసి పెట్టిన చీటీని వెతుకుతుంది. డాట్ పీసీ అనే ఎక్స్‌టెన్షన్‌తో ఉండే ఆ చిన్న టెక్స్ట్ ఫైల్‌లో వెర్షన్, హెడర్లు ఎక్కడున్నాయి, లింక్ చేయడానికి ఏ ఫ్లాగ్‌లు కావాలి, ఇంకే లైబ్రరీలు తోడు కావాలి అన్నవి ఉంటాయి. చీటీ కనిపించకపోతే లైబ్రరీ ఎదురుగా ఉన్నా లేనట్టే.

చీటీల కోసం అది వెతికే చోట్లు కూడా డిస్ట్రోని బట్టి మారతాయి. 64 బిట్ ఇంటెల్ మెషీన్ మీద డెబియన్‌లో /యూఎస్ఆర్/లిబ్ లోపల ఆర్కిటెక్చర్ పేరుతో ఉన్న డైరెక్టరీలో పీకేజీకాన్ఫిగ్ ఫోల్డర్, ఫెడోరాలో /యూఎస్ఆర్/లిబ్64 లోపల. మీరే సోర్స్ నుంచి కట్టుకున్న లైబ్రరీ /యూఎస్ఆర్/లోకల్ కిందకి వెళ్తుంది, ఫెడోరా వాళ్ళ పీకేజీ-కాన్ఫిగ్ మామూలుగా అక్కడికి తొంగి చూడదు. అంటే నిన్న రాత్రి కష్టపడి కొత్త వెర్షన్ కంపైల్ చేసి ఇన్‌స్టాల్ చేశారు, ఈ రోజు ఇంకో ప్రోగ్రామ్ ‘కొత్త వెర్షన్ కావాలి, పాతదే ఉంది’ అంటోంది. అబద్ధం చెప్పట్లేదు, దానికి పాత చీటీయే కనిపిస్తోంది. పీకేజీ కాన్ఫిగ్ పాత్ అనే వేరియబుల్‌లో కొత్త ఫోల్డర్ పేరు ఇస్తే ముందు అక్కడ చూస్తుంది. ఇలాంటి పేరుతోనే ఉండే పీకేజీ కాన్ఫిగ్ లిబ్‌డిర్ వేరియబుల్‌తో జాగ్రత్త, అది మామూలు చోట్లకి ఇంకోటి కలపదు, వాటిని పూర్తిగా తీసేసి ఇచ్చినదాన్నే పెడుతుంది.

ఎర్రర్‌ని చివరిదాకా చదవడం ఇక్కడ ఎంత ముఖ్యమో చెప్పలేం. ‘ఫలానా ప్యాకేజీ లేదు’ అన్న లైన్‌లో ‘ఫలానా దానికి అవసరమైన’ అనే ముక్క ఉంటుంది, కళ్ళు దాన్ని దాటేస్తాయి. మీరు అడిగిన లైబ్రరీ చీటీ దొరికింది, అందులో రాసి ఉన్న తోడు లైబ్రరీ చీటీ దొరకలేదు. మొదటిదాన్ని పదిసార్లు తీసి పదిసార్లు ఇన్‌స్టాల్ చేసినా ప్రయోజనం ఉండదు.

అన్నిటికన్నా ఎక్కువ తల తినే కేసు ఇంకోటి ఉంది. డేటా సైన్స్ పనుల కోసం కొండా అనే ప్యాకేజీ మేనేజర్‌తో వేరే ఎన్విరాన్‌మెంట్ పెట్టుకుని, అది ఆన్‌లో ఉన్నప్పుడే ఏదో ప్రోగ్రామ్ కంపైల్ చేయబోతే, షెల్ కమాండ్లని వెతికే పాత్‌లో ముందు వరసలో ఉన్నది కొండా తెచ్చుకున్న పీకేజీ-కాన్ఫిగ్ అయి ఉండొచ్చు. దానికి సిస్టమ్ చీటీలేవీ కనిపించవు. లేదా ఇంకా ఘోరంగా, హెడర్ కొండా నుంచి, లైబ్రరీ సిస్టమ్ నుంచి తీసుకుని రెంటినీ కలిపేస్తారు, కాన్ఫిగర్ పాసైపోతుంది, అసలు కంపైల్ నడిపించే మేక్ కూడా పాసైపోవచ్చు, ప్రోగ్రామ్ నడుస్తూ నడుస్తూ కూలిపోతుంది. వింతగా ఏదైనా జరుగుతుంటే ముందు చూడాల్సింది ‘విచ్’ కమాండ్‌తో ఏ పీకేజీ-కాన్ఫిగ్, ఏ జీసీసీ, ఏ పైథాన్ పలుకుతున్నాయన్నది. అవి రావలసిన చోటునుంచి రాకపోతే ఆ ఎన్విరాన్‌మెంట్ ఆపేసి, కొత్త టెర్మినల్‌లో, ఖాళీ బిల్డ్ డైరెక్టరీలో మళ్ళీ మొదలుపెట్టడమే.

ఖాళీ డైరెక్టరీ అన్నది ఊరికే చెప్పిన మాట కాదు, ముఖ్యంగా ఆటోకాన్ఫ్‌కి బదులు చాలా ప్రాజెక్టులు వాడే సీమేక్ విషయంలో. సీమేక్ ఒకసారి కనుక్కున్న ప్రతిదీ సీమేక్‌కాష్ అనే టెక్స్ట్ ఫైల్‌లో రాసి పెట్టుకుంటుంది, తర్వాతిసారి అక్కడినుంచే చదువుతుంది. వేగానికి మంచిదే. కానీ ఈ జ్ఞాపకశక్తి కొంచెం వంకరగా ఉంటుంది. దొరకని లైబ్రరీని ప్రతిసారీ మళ్ళీ వెతుకుతుంది, అది బాగానే ఉంది. తప్పు చోట దొరికినదాన్ని మాత్రం వదలదు, సరైనది తర్వాత ఇన్‌స్టాల్ చేసినా పాత దారే పట్టుకుని కూర్చుంటుంది. ఇక ‘ఈ కోడ్ కంపైల్ అవుతుందా’ తరహా పరీక్షలకి వచ్చిన ‘నో’ని కూడా దాచుకుంటుంది. అంటే లోపాన్ని సరిచేశాక కూడా అదే ఎర్రర్ వస్తుంది, దాంతో మనం చేసిన సరైన పనే తప్పనుకుని దాన్ని వెనక్కి తీసేస్తాం. ఇంతకన్నా చెడ్డ ఉచ్చు ఇంకోటి లేదు. బిల్డ్ డైరెక్టరీని మొత్తం చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టడం నామోషీ ఏమీ కాదు, 3.24 వెర్షన్ నుంచి ‘--ఫ్రెష్’ అని దానికోసమే ఒక ఆప్షన్ కూడా పెట్టారు.

సీమేక్‌కి కాన్ఫిగ్ లాగ్ లాంటిది లేదా అంటే ఉంది. పాత సలహాల్లో సీమేక్‌ఎర్రర్ డాట్ లాగ్ చూడమని ఉంటుంది, కొత్త సీమేక్‌లో వెతికితే ఆ ఫైలే కనిపించదు. 3.26 నుంచి దాని స్థానంలో బిల్డ్ డైరెక్టరీలోని సీమేక్‌ఫైల్స్ ఫోల్డర్‌లో సీమేక్‌కాన్ఫిగర్‌లాగ్ అనే యామల్ ఫైల్ వస్తోంది. ఏ పరీక్షకి ఏ ప్రోగ్రామ్ కంపైల్ చేసింది, ఏం జవాబొచ్చింది అన్నీ అందులో ఉంటాయి. లైబ్రరీ కోసం ఏయే డైరెక్టరీలు తిరిగిందో తెలియాలంటే ‘--డీబగ్-ఫైండ్’ అని చెప్తే చేంతాడంత జాబితా ఇస్తుంది, అందులో మీరు అనుకున్న డైరెక్టరీ లేకపోతే సీమేక్ ప్రిఫిక్స్ పాత్‌లో దాన్ని చేర్చాలి.

2025లో వచ్చిన సీమేక్ 4.0తో ఇంకో రకం గొడవ మొదలైంది. ‘నాకు కనీసం ఈ వెర్షన్ సీమేక్ చాలు’ అని ప్రతి ప్రాజెక్టూ మొదటి లైన్లలో చెప్పుకుంటుంది. అక్కడ 3.5 కన్నా తక్కువ రాసి ఉన్న పాత ప్రాజెక్టులని 4.0 అసలు ముట్టుకోదు. కోడ్‌లో తప్పేమీ లేదు, చాలా ఏళ్ళుగా బిల్డ్ అవుతూనే ఉంది, అయినా మొదటి లైన్‌లోనే ఎర్రర్. సీమేక్ పాలసీ వెర్షన్ మినిమమ్ అనే వేరియబుల్‌కి 3.5 ఇస్తే చాలా ప్రాజెక్టులు మళ్ళీ దారికొస్తాయి. ఎర్రర్ మెసేజ్‌లోనే ఈ సలహా ఉంటుంది, చదివితే.

ఇంతవరకు చెప్పినవన్నీ మంచి ఎర్రర్లు. మంచివి ఎందుకంటే అవి ఆగి మనల్ని పిలుస్తాయి. అసలు భయపడాల్సింది పిలవని ‘నో’కి. స్క్రిప్ట్ ఒక పరీక్ష పెట్టింది, పాస్ కాలేదు, కానీ అది తప్పనిసరి కాదు కాబట్టి ‘సరేలే’ అనుకుని ఆ ఫీచర్ లేకుండానే ముందుకి వెళ్ళిపోయింది. బిల్డ్ సక్సెస్. కొన్నాళ్ళకి ఎవరో ఆ ఫీచర్ వాడబోయి ఆగిపోతారు.

పైథాన్‌ని సోర్స్ నుంచి కట్టినవాళ్ళకి ఇది బాగా తెలుసు. ఓపెన్‌ఎస్ఎస్ఎల్ హెడర్లు లేకపోయినా పైథాన్ నిక్షేపంగా కంపైల్ అవుతుంది, ప్రాంప్ట్ వస్తుంది, కూడికలు తీసివేతలు అన్నీ చేస్తుంది. పైథాన్ ప్యాకేజీలు తెచ్చే పిప్‌తో ఏదైనా ఇన్‌స్టాల్ చేయబోతే అప్పుడు ఎస్ఎస్ఎల్ మాడ్యూల్ లేదంటుంది. లిబ్‌ఎఫ్ఎఫ్ఐ హెడర్లు లేకపోతే సీటైప్స్ ఉండదు, ఎస్‌క్యూలైట్‌వి లేకపోతే ఆ మాడ్యూల్ ఉండదు. మేక్ చివర్లో ఇవన్నీ దొరకలేదని ఒక చిన్న జాబితా వస్తుంది, అది చాలా స్పష్టంగానే ఉంటుంది, కానీ బిల్డ్ అయిపోయిందన్న సంతోషంలో ఎవరూ చూడరు. హెడర్లు ఉన్నా తప్పించుకోలేని పరిస్థితి ఇంకోటి ఉంది: పైథాన్ 3.10 నుంచి ఓపెన్‌ఎస్ఎస్ఎల్ 1.1.1 లేదా ఆపైది కావాలి. సెంట్‌ఓఎస్ 7లో మామూలుగా వచ్చేది 1.0.2. డెవెల్ ప్యాకేజీ ఉంది, హెడర్ ఉంది, లైబ్రరీ ఉంది, అయినా పరీక్ష పాస్ కాదు, మాడ్యూల్ రాదు.

ఈ నిశ్శబ్దపు ‘నో’లు 2024లో జీసీసీ 14 వచ్చాక ఒక్కసారిగా పెరిగాయి. డిక్లేర్ చేయని ఫంక్షన్‌ని పిలవడం, టైప్ రాయకుండా వదిలేయడం లాంటివి 1999 నాటి సీ ప్రమాణంలోనే తీసేశారు. కంపైలర్ మాత్రం ఇన్నేళ్ళూ ఒక వార్నింగ్ ఇచ్చి చూసీ చూడనట్టు వదిలేసింది, 14తో వాటిని ఎర్రర్లు చేసింది. ప్రోగ్రామ్ కోడ్‌లో ఇలాంటివి ఉంటే ఎర్రర్ కనిపిస్తుంది, సరిచేస్తాం, దాంతో బాధ లేదు. బాధంతా పాత కాన్ఫిగర్ స్క్రిప్టుల్లోని ఆ నాలుగు లైన్ల పరీక్షల్లో ఉంది. చాలా ప్రాజెక్టుల్లో అవి ఏ హెడరూ కలపకుండా, మెయిన్ ముందు ఇంట్ కూడా లేకుండా, నేరుగా ఎగ్జిట్‌ని పిలిచేస్తూ రాసినవి. కొత్త కంపైలర్ ఆ పరీక్ష ప్రోగ్రామ్‌నే తిప్పికొడుతుంది. స్క్రిప్ట్‌కి కారణం అక్కర్లేదు, సున్నా రాలేదు కాబట్టి ‘ఈ సిస్టమ్‌లో ఆ ఫీచర్ లేదు’ అని రాసేసుకుంటుంది. ఫలితంగా సీ లైబ్రరీలో ఉన్న ఫంక్షన్‌ని కాదని, ఎప్పటిదో పాత యూనిక్స్ కోసం రాసిన ప్రత్యామ్నాయం కంపైల్ అవుతుంది. కాన్ఫిగర్ అవుట్‌పుట్‌లో ఎక్కడా ఎర్రర్ అనే మాటే ఉండదు.

దీనికి మందు కొత్త ఆటోకాన్ఫ్‌తో స్క్రిప్ట్‌ని మళ్ళీ తయారు చేసుకోవడం, పరీక్ష ప్రాజెక్టు వాళ్ళే సొంతంగా రాసుకున్నదైతే దాన్ని సరిచేయడం. అంత ఓపిక లేకపోతే జీసీసీ 14లో సీ కోడ్‌కి కూడా ‘-ఎఫ్‌పర్మిసివ్’ ఫ్లాగ్ పనిచేస్తుంది, పాతలాగా వార్నింగులతో సరిపెడుతుంది. కాన్ఫిగర్ నడిపేముందే దాన్ని సీఫ్లాగ్స్‌లో పెట్టాలి, మేక్ దగ్గర ఇస్తే అప్పటికే తప్పు జవాబులు రాసేసి ఉంటాయి. దీనికి సరిగ్గా వ్యతిరేకం ‘-డబ్ల్యూఎర్రర్’. వార్నింగులన్నీ ఎర్రర్లుగా మార్చే ఈ ఫ్లాగ్‌ని శుభ్రమైన కోడ్ మీద మక్కువతో కాన్ఫిగర్‌కి ఇచ్చారనుకోండి, పరీక్ష ప్రోగ్రాముల్లో వార్నింగ్ ఒక్కటి వచ్చినా అది ఎర్రర్ అవుతుంది, వరసగా ‘నో’లు పడతాయి. ఇది మేక్ దగ్గరే ఇవ్వాలి.

ఒక్క అక్షరం కూడా కాదు, తప్పుడు ‘నో’ రావడానికి ఒక్క చుక్క చాలు అనడానికి ఉదాహరణ ఫైళ్ళని కుదించే ఎక్స్‌జెడ్ సాఫ్ట్‌వేర్ ఉదంతం. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రోయిండ్ అనే ఇంజినీర్ బయటపెట్టిన ఆ బ్యాక్‌డోర్ (దొంగదారి) 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఉంది. అది బిల్డ్‌లోకి దూరిన దారి కూడా కాన్ఫిగర్ తయారీలో వాడే ఒక ఎం4 ఫైలే, గిట్‌లో లేని మార్పుని విడుదల టార్‌బాల్‌లో (సోర్స్ కోడ్ మూటలో) పెట్టారు. దాని సంగతి అందరూ మాట్లాడారు. అదే సమయంలో సీమేక్ ఫైల్‌లో దొరికిన ఇంకో చిన్న విషయం అంతగా ఎవరికీ గుర్తులేదు. లినక్స్ కర్నెల్‌లోని ల్యాండ్‌లాక్ అనే శాండ్‌బాక్స్ సౌకర్యం (ప్రోగ్రామ్‌ని కట్టడిలో ఉంచేది) ఉందా అని అడిగే పరీక్ష ప్రోగ్రామ్‌లో, హెడర్ లైన్ల కింద ఒక లైన్‌లో ఒంటరిగా ఒక ఫుల్‌స్టాప్ ఉంది. సీ భాషలో అది అర్థం లేని గుర్తు, కాబట్టి ఆ ప్రోగ్రామ్ ఏ మెషీన్ మీదా కంపైల్ కాదు, కాబట్టి జవాబు ఎప్పుడూ ‘నో’, కాబట్టి సీమేక్‌తో కట్టిన ప్రతి బిల్డ్‌లోనూ ఆ శాండ్‌బాక్స్ ఆఫ్. చూసినవాళ్ళకి పాత కర్నెల్ కాబోలు అనిపిస్తుంది. పరీక్ష ఫెయిలవడాన్నీ సౌకర్యం లేకపోవడాన్నీ ఒకటే అనుకునే పద్ధతిలో ఎంత పెద్ద చిల్లు ఉందో ఆ చుక్క చూపించింది.

అందుకే కాన్ఫిగర్ అయ్యాక చివర్లో ఫీచర్ల పట్టిక వస్తే దాన్ని నిదానంగా చదవాలి, కావలసిన ఫీచర్‌ని ‘--విత్’ లేదా ‘--ఎనేబుల్’ అని ముందే గట్టిగా అడగాలి. సరిగ్గా రాసిన స్క్రిప్టుల్లో తేడా ఇక్కడే: ఊరికే వదిలేస్తే లేకపోయినా సరేలే అనుకుని పోతాయి, పేరు పెట్టి అడిగితే దొరక్కపోయినప్పుడు ఎర్రర్‌తో ఆగుతాయి. స్పెల్లింగ్ తప్పు పడితే మాత్రం కాన్ఫిగర్ ‘ఈ ఆప్షన్ నాకు తెలియదు’ అని ఒక వార్నింగ్ ఇచ్చి ముందుకెళ్ళిపోతుంది, అదొక్కటి గుర్తుంచుకోవాలి.

కర్నెల్ కంపైల్ చేసేవాళ్ళకీ ఇదే జబ్బు వేరే రూపంలో వస్తుంది. డాట్ కాన్ఫిగ్ ఫైల్‌లో చేత్తో ఒక ఆప్షన్ ఆన్ చేసి, మిగతావాటిని డిఫాల్ట్‌గా నింపే ‘ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్’ నడిపితే, దానికి కావలసిన ఇంకో ఆప్షన్ ఆఫ్‌లో ఉందనుకోండి, మాట కూడా చెప్పకుండా మీ లైన్ మాయమైపోతుంది. నడిపాక మళ్ళీ ఫైల్ తెరిచి ఆ ఆప్షన్ నిలబడిందో లేదో చూసుకోవాల్సిందే. ఉబుంటు కాన్ఫిగ్‌ని కాపీ చేసుకుని కంపైల్ చేస్తే సర్టిఫికెట్ ఫైల్ ఏదో తయారు చేయడానికి రూల్ లేదని ఆగిపోవడం కూడా చాలామంది చూసే ఉంటారు. ఆ కాన్ఫిగ్‌లో సిస్టమ్ ట్రస్టెడ్ కీస్ దగ్గర ఉన్న దారి ఉబుంటు వాళ్ళ సొంత సోర్స్ ట్రీలో ఉండే ఫైల్‌ది, మామూలు కర్నెల్ సోర్స్‌లో అది ఉండదు. ఆ ఆప్షన్‌నీ, దాని జోడీ అయిన రివొకేషన్ కీస్ ఆప్షన్‌నీ ఖాళీ చేస్తే సరిపోతుంది.

గిట్ నుంచి తెచ్చుకున్న సోర్స్‌లో కాన్ఫిగర్ ఫైలే లేకపోతే కంగారు పడక్కర్లేదు, టార్‌బాల్‌లో అది ముందే తయారై వస్తుంది, గిట్‌లో అయితే ఆటోరీకాన్ఫ్‌తో మనమే తయారు చేసుకోవాలి. ఇక్కడ ఒక ఎర్రర్ మాత్రం బాగా తికమక పెడుతుంది. తయారైన కాన్ఫిగర్‌ని నడిపితే ఎక్కడో పన్నెండు వేలో లైన్ దగ్గర ‘జీలిబ్, అనే చోట సింటాక్స్ ఎర్రర్’ అంటుంది, కామాతో సహా. షెల్ స్క్రిప్ట్‌లో తప్పుందేమోనని ఆ లైన్ తెరిస్తే పీకేజీ చెక్ మాడ్యూల్స్ అని పెద్దక్షరాల్లో కనిపిస్తుంది. అది షెల్ కమాండ్ కాదు, ఆటోకాన్ఫ్ విప్పి కోడ్‌గా మార్చాల్సిన మ్యాక్రో. దాని నిర్వచనం పీకేజీ-కాన్ఫిగ్ ప్యాకేజీతో వస్తుంది, ఆ ప్యాకేజీ లేకుండా ఆటోరీకాన్ఫ్ నడిపారు, మ్యాక్రో విప్పకుండా ఉన్నదున్నట్టు స్క్రిప్ట్‌లో మిగిలిపోయింది. ప్యాకేజీ పెట్టి ఆటోరీకాన్ఫ్ మళ్ళీ నడిపితే ఆ పన్నెండు వేలో లైన్ జోలికి వెళ్ళే పనే ఉండదు.

మేక్ దాకా వచ్చాక కాన్ఫిగరేషన్ తలనొప్పులు తగ్గుతాయి. ఎక్కువ కోర్లతో ‘-జే’ పెట్టి నడిపినప్పుడు ఎర్రర్లు కలగాపులగంగా వస్తాయి, చివర కనిపించే ‘ఎర్రర్ 2’ ఉత్త ప్రతిధ్వని, అసలుది చాలా పైన ఉంటుంది. ‘-జే1’ పెట్టి మళ్ళీ నడిపితే ఆగిన చోటే ఆగుతుంది. ‘కిల్డ్’ అని వచ్చి కంపైలర్ చచ్చిపోతే కోడ్‌లో వెతకొద్దు, మెమరీ చాలక కర్నెల్ దాన్ని చంపేసి ఉంటుంది, జే పక్కన అంకె తగ్గించాలి. అన్నీ అయిపోయి ప్రోగ్రామ్ నడిపేటప్పుడు ‘షేర్డ్ ఆబ్జెక్ట్ తెరవలేకపోయాం’ అంటే అది కాన్ఫిగర్ గొడవ కాదు, ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు లైబ్రరీలని తెచ్చే లోడర్‌ది. ఎల్‌డీడీతో ఏ లైబ్రరీ దొరకట్లేదో చూసి, ఆ డైరెక్టరీ లోడర్ జాబితాలో లేకపోతే చేర్చి, ఎల్‌డీకాన్ఫిగ్ నడపాలి.

ఒక మెషీన్‌లో బిల్డ్ అయి ఇంకోదాంట్లో కాకపోతే మాత్రం ఊహలకి పోకుండా చేయదగ్గ పని ఒకటుంది. రెండు మెషీన్లలోని కాన్ఫిగ్ డాట్ లాగ్‌లనీ పక్కపక్కన పెట్టాలి. పై లైన్లలో కాన్ఫిగర్‌ని ఏ ఆప్షన్లతో పిలిచారో ఉన్నదున్నట్టు ఉంటుంది, ముందు అవి ఒకటేనా చూడాలి, చాలాసార్లు కావు. ఒకటే అయితే చివర్లో ఉన్న వేరియబుల్స్ పట్టికని రెండింటిలోంచీ తీసి డిఫ్ కొట్టాలి, మొదట్లో పనికిరాదని దాటేసిన ఆ పట్టికే ఇప్పుడు అక్కరకొస్తుంది. తేడా సాధారణంగా నాలుగైదు లైన్లకి మించదు, అందులో ఒకచోట ఇక్కడ ‘యెస్’, అక్కడ ‘నో’ అని ఉంటుంది. ఆ పరీక్ష పేరు పట్టుకుని ‘నో’ వచ్చిన లాగ్‌లో పైకి వెళ్తే కంపైలర్ ఎందుకు ఒప్పుకోలేదో దాని మాటల్లోనే రాసి ఉంటుంది.